మన ఊరి చదువు కోసం అంత దూరం పోతున్న చిట్టికి

తిరుపతి,
ఆదివారం రాత్రి.

చిరంజీవి చిట్టికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. పోవాలా వద్దా అని నువ్వు మొన్న అడిగినది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అమెరికాలో దక్షిణాసియా చదువుల పీహెచ్‌డీకి నీకు సీటు వచ్చిందని తెలిసినప్పటి నుంచి ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న. "మన గుడి గురించి, మన జాతర గురించి చదవడానికి అమెరికా దాకా పోవాలా?" అని. మీ పెద్దత్త అయితే "దక్షిణాసియా చదువంటే ఏంది? మన సంగతి వాళ్ళు మనకు చెప్పేదేంది?" అని నాన్నను పట్టుకుని అడిగింది. ఆయన నా వైపు చూశారు. వంటింట్లో పని ఉండి అప్పుడు నేనేమీ మాట్లాడలేదు. ఏప్రిల్ 15 లోపల అవునో కాదో చెప్పాలన్నావు కాబట్టి నా మాట ఇప్పుడే చెప్తున్నా. పో తల్లీ. కానీ అక్కడి పండితులు గొప్పవాళ్ళైంది ఎవరి ఆసరాతోనో బాగా తెలుసుకుని పో.

ముందు పెద్దత్త ప్రశ్నకే జవాబు చెప్తాను. బర్టన్ స్టయిన్ అని ఒక అమెరికా చరిత్రకారుడు ఉండేవాడు. 1950ల్లో షికాగో యూనివర్సిటీలో పీహెచ్‌డీకి ఆయన ఎంచుకున్న విషయం మన తిరుమల గుడి. భక్తి సంగతి కాదు, గుడి డబ్బు సంగతి. విజయనగర రాజుల కాలంలో ఎవరో ఒక దాత స్వామికి రోజూ నైవేద్యం జరగాలని ఇంత సొమ్ము ఇచ్చేవాడు. గుడివాళ్ళు ఆ సొమ్మును పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. దేవుడి మాన్యం ఊళ్ళలో చెరువులు బాగుచేయించారు, కాలువలు తవ్వించారు. నీళ్ళు పారాక పెరిగిన పంటలోంచి ఆ దాత పేరిట నైవేద్యం నడిచేది. ఆ ప్రసాదంలో దాతకు వాటా ఉండేది, మామూలుగా నాలుగో వంతు. ఆ వాటాను ఆయన ఇంకొకరికి రాసి ఇవ్వొచ్చు కూడా. అంటే కొండమీద దేవుడికి పెట్టిన సొమ్ముతో కింద మెట్టపొలాలకు నీళ్ళు వచ్చాయన్నమాట. కరువు సీమలో పుట్టిన మనకు ఈ మాట ఎంత పెద్దదో వేరే చెప్పాలా! స్టయిన్ 1960లో దీని మీద వ్యాసం అచ్చు వేస్తే, దక్షిణ భారతపు గుళ్ళ గురించి చరిత్రకారులు ఆలోచించే తీరే మారింది.

మరి ఆయనకు ఇదంతా ఎలా తెలిసింది? గుడి గోడల మీది శాసనాల వల్ల. మనం ప్రదక్షిణ చేస్తూ పక్కనే నడిచిపోయే గోడలే అవి. వెయ్యికి పైగా ఉన్న ఆ శాసనాలను ఒక్కొక్కటీ చదివి, ఎత్తి రాసి, 1930ల్లో సంపుటాలుగా దేవస్థానం తరఫున అచ్చు వేయించడంలో సాధు సుబ్రహ్మణ్య శాస్త్రిగారి కష్టం ఉంది. ఆయన పని లేకపోతే షికాగోలో ఆ పీహెచ్‌డీ లేదు. స్టయిన్ కూడా ఊరికే ఎత్తి రాసుకోలేదు. శాస్త్రిగారు అక్షరం అక్షరం పోగుచేసి ఇచ్చినదాన్ని ముందు పెట్టుకుని, ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు. ఇద్దరి పనీ పనే. ఒకరిది పైన, ఒకరిది కింద అనుకోవడం నాకు నచ్చదు.

ఇంకో మాట. ఆ శాసనాల్లో చాలా భాగం తమిళంలో ఉన్నాయి. నీకు తెలుగు బాగా వచ్చు, సంస్కృతం కొంత వచ్చు, తమిళం మాత్రం సినిమాల తమిళమే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మన ప్రాంతం చాలావరకు ఉత్తర ఆర్కాటులో ఉండేది. మీ అవ్వ ఇప్పటికీ లెక్కలు తమిళంలోనే వేస్తుంది. ఆ చదువుకు తెలుగు శాఖ అని కాకుండా దక్షిణాసియా అని పేరు పెట్టడంలో నాకు అర్థమైన మేలు ఇదే. ఒక ఊరిని చదవాలంటే నాలుగు భాషలు కావాలి, అవి ఒకే చోట దొరకాలి. వేసవి సెలవుల్లో అవ్వ దగ్గర కూర్చుని తమిళ అక్షరాలు దిద్దుకో, సిగ్గుపడొద్దు.

ఆ యూనివర్సిటీల్లో ఈ శాఖలు మన మీద ప్రేమతోనే పుట్టాయని కూడా అనుకోవద్దు. రష్యాతో పోటీలో ఉన్న రోజుల్లో, 1958లో, అమెరికా ఒక చట్టం చేసి పరాయి భాషల చదువుకు డబ్బు పెట్టింది. అప్పట్లో మనకు తిండిగింజల కరువు. పీఎల్ 480 అనే వాళ్ళ తిండిసాయం చట్టం కింద వాళ్ళ గోధుమలు మనం రూపాయల్లో కొన్నాం. పోగుపడిన ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి ఇక్కడ అచ్చయిన పుస్తకాలు, పత్రికలు కొని వాళ్ళ లైబ్రరీలకు పంపించారు. తెలుగు పుస్తకాలూ అట్లా పోయాయి. మన దగ్గర చెదలు తిన్నవి, తూకానికి అమ్ముకున్నవి అక్కడ బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. పెద్దవాళ్ళు అమెరికా గోధుమరవ్వ గురించి చెప్తుంటే విన్నాను గానీ, దాని వెనక పుస్తకాల కథ ఉందని చదివిన రోజు నాకు సంతోషమూ కలిగింది, కడుపులో మంటా పుట్టింది. నువ్వు ఆ పుస్తకాలు తెరిచి చదువు. వాటి కాపీలు ఇక్కడి పిల్లలకు అందేలా ఏం చేయగలవో కూడా చూడు.

ఇప్పుడు మన గంగమ్మ సంగతి. అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీలో పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్ అనే ప్రొఫెసర్ చిన్నతనం మన దేశంలోనే గడిపింది. 1990ల నుంచి ఆమె తాతయ్యగుంట గంగమ్మ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చింది. 2013లో పుస్తకం వచ్చింది. జాతర అంటే అందరి కళ్ళూ వేషాల మీదే కదా. బైరాగి వేషం నాడు ఒంటినిండా తెల్లనామం, బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గుపొడి. ఆడవాళ్ళను చెరిచిన పాళెగాడిని చంపడానికి అమ్మ వేసిన వేషాలు. ఆ వేషాలు కట్టే కైకాల కుటుంబం వాళ్ళు వీధివీధీ తిరుగుతుంటే వెనక జనం. మొక్కుకున్న మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని వస్తారు. మీ మామ అట్లా వస్తే గుర్తుపట్టలేక నా కొంగు వెనక దాక్కున్నావు నువ్వు. ఫోటోలు తీసేవాళ్ళకు ఇవే కావాలి. ఫ్లూకిగర్ మాత్రం ఆడవాళ్ళ వైపు కూడా చూసింది. ముఖానికి పసుపు పూసుకుని, పొంగలి పెట్టి, అమ్మ ఉగ్రం ఊరిమీద పడకుండా మోసేది వాళ్ళు. వేషం వేసుకుంటే గానీ మగవాడికి ఆ శక్తి రాదు, ఆడదానికి అది ముందే ఉంది అని ఆమె అర్థం చేసుకున్న తీరు చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. గంగమ్మ గుడి పక్క వీధుల్లోనే బతికినదాన్ని, పసుపు రాసుకున్న ప్రతిసారీ ఎందుకు ఒళ్ళు జలదరించేదో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు. దగ్గరగా ఉన్నవాళ్ళు అడగరు, దూరం నుంచి వచ్చినవాళ్ళు అడుగుతారు. అది వాళ్ళ బలం. కానీ ఆమెకు ఆ తెలివి ఇచ్చింది ఇక్కడి ఆడవాళ్ళే, గంటలు గంటలు ఓపిగ్గా మాట్లాడి.

అన్నమయ్య పదాల సంగతీ అంతే. వెల్చేరు నారాయణరావు గారు ఏలూరులో పాఠాలు చెప్పి, 1970ల్లో విస్కాన్సిన్ యూనివర్సిటీకి పోయి దశాబ్దాలు అక్కడ తెలుగు చెప్పారు. డేవిడ్ షుల్‌మన్ అమెరికాలో పుట్టి జెరూసలేంలో స్థిరపడినవాడు, లండన్‌లో తమిళ స్థలపురాణాల మీద పీహెచ్‌డీ చేసినవాడు. వీళ్ళిద్దరూ కలిసి చేసిన అన్నమయ్య అనువాదాలు 2005లో పుస్తకంగా వచ్చాయి. ఒకరు భాషలో పుట్టిపెరిగినవారు, ఇంకొకరు బయటి నుంచి కష్టపడి నేర్చుకున్నవారు. అట్లాంటి జోడీ దొరకడం అదృష్టం, నువ్వు కూడా వెతుక్కో. అయితే ఆ పదాలు తిరుమల గుళ్ళో తాళ్ళపాక అరలో రాగిరేకుల మీద ఉండిపోయినవి. వాటిని బయటికి తెచ్చి, పరిష్కరించి అచ్చు వేయడానికి వేటూరి ప్రభాకర శాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మగారు లాంటివాళ్ళు మన తిరుపతిలో కూర్చుని కళ్ళు పోగొట్టుకునేంత పని చేశారు. అన్నమయ్య 32,000 రాశాడంటారు, దొరికినవి 12,000కు పైగా. ఆ దొరికినవైనా చేతికి వచ్చాయంటే వీళ్ళ వల్లే.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. సి.పి. బ్రౌన్ పేరు తెలియని తెలుగువాడు లేడు. కడపలో బంగళా కొని, సొంత జీతంలోంచి, అప్పులు చేసి పండితులను పోషించి వేమన పద్యాలు, కావ్యాలు బాగుచేయించాడు. 1852లో నిఘంటువు వేశాడు. వయసు మీద పడ్డాక లండన్‌లో తెలుగు ప్రొఫెసర్‌గా కూడా చేశాడు. నేను క్లాసుకు పోయే ముందు ఫోన్లో చూసుకునేది ఆయన నిఘంటువునే, షికాగో యూనివర్సిటీ వాళ్ళు ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టినది. బ్రౌన్ ఋణం తీరేది కాదు. కానీ ఆ బంగళాలో తాళపత్రాలు ముందేసుకుని కూర్చున్న జూలూరి అప్పయ్య శాస్త్రి పేరు నా టెన్త్ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. టీచర్లలోనే చాలామందికి తెలియదు. నువ్వు రేపు రాసే ప్రతి పేజీలో, నీకు ఒక పాట పాడి వినిపించినవాళ్ళ పేరు, ఒక అక్షరం చదివి పెట్టినవాళ్ళ పేరు ఉండాలి. వాళ్ళు వద్దంటే తప్ప. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలు చెప్పి ఊరుకుంటే నాకు సరిపోదు చిట్టీ. చెప్పినమాట ఎక్కడ వాడుకున్నావో అక్కడే పేరు రాయి.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు కూడా ఇదే చూడు. ఆ ప్రొఫెసర్ పుస్తకంలో ఊరివాళ్ళు మనుషులుగా కనిపిస్తున్నారా, ఉత్త ఉదాహరణలుగానా? పనిచేసిన ఊరికి తిరిగి పోతారా? అక్కడి సీనియర్లను మొహమాటం లేకుండా అడుగు. నువ్వు రాసింది చదువుతారా, ఎన్నాళ్ళకు చదివి ఇస్తారు, కోపం వస్తే ఎట్లా మాట్లాడతారు, అన్నీ అడుగు. పేరు పెద్దదని మురిసిపోవద్దు.

మన సంస్కృతి గురించి బయటివాళ్ళు రాసినదాని మీద కోపపడేవాళ్ళు నీకు ఎదురవుతారు. అందులో న్యాయమైన కోపమూ ఉంటుంది. తప్పు చదివినవాళ్ళు, మన ఆచారాన్ని వింతగా చూపించినవాళ్ళు లేకపోలేదు. తప్పు కనిపిస్తే ఏ పేజీలో, ఏ వాక్యంలో, ఎందుకు తప్పో రాసి నిలదీయి. రాసినవాడి పుట్టుక చూసి, ఒంటి రంగు చూసి తిట్టేవాళ్ళతో మాత్రం చేరకు. అఫ్సర్ మొహమ్మద్ అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండగ మీద రాశారు. హర్షిత కామత్ కూచిపూడిలో ఆడవేషం కట్టే మగవాళ్ళ మీద రాశారు, అది ఉచితంగానే చదువుకోవచ్చు. వీళ్ళు మనవాళ్ళా, బయటివాళ్ళా? ఆ ప్రశ్నే నాకు అనవసరం. ముందు పుస్తకం చదవాలి.

డబ్బు గురించి నాన్నకు టెన్షన్ ఉన్న మాట నిజమే. ఫీజు వాళ్ళే కడతారనీ, నెలనెలా స్టైపెండ్ వస్తుందనీ, ఆరేడేళ్ళు పడుతుందనీ, ఆ తర్వాత ఉద్యోగాలు తక్కువనీ నువ్వే దాచకుండా చెప్పావు. అది చాలు మాకు. తెలుగు చదివినందుకు నేనేమీ తక్కువ బతుకు బతకలేదు. పెళ్ళి మాట ఎవరెత్తినా నా దగ్గరికి పంపు, నేను చెప్పుకుంటాను.

పోయేలోపల రెండు పనులున్నాయి. ఎస్వీ యూనివర్సిటీ ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేలకొద్దీ తాళపత్రాలున్నాయి. అక్కడ కొన్నాళ్ళు కూర్చో. ఆకు మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, పద్యం ఎక్కడ విరుగుతుందో నీకు ఛందస్సు వస్తేనే తెలుస్తుంది. గంటంతో గీసిన గీతకు మసి పూసి తుడిస్తే అక్షరం ఎట్లా తేలుతుందో, పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె ఎట్లా రాస్తారో కళ్ళారా చూడు. అవన్నీ తెలిసినవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు, అడిగేవాళ్ళు లేక ఊరికే ఉన్నారు. సోమవారం స్కూలు అయ్యాక నేను పోయి కనుక్కుంటాను. మీ కాలేజీ నుంచి ఒక లెటర్ కావాలంటారేమో, ముందే తీసుకుని పెట్టుకో.

రెండోది, మే నెలలో జాతరకు తప్పకుండా రా. ఆగస్టులో పోతే మళ్ళీ ఎప్పుడో. ఈసారి వేషాల వెనక పరిగెత్తొద్దు. పొంగలి పెట్టే ఆడవాళ్ళ దగ్గర పెద్దమ్మతో పాటు కూర్చో, రికార్డర్ సంచిలోనే ఉంచు. ముందు పొయ్యికి కట్టెలు అందించు, వాళ్ళంతట వాళ్ళు మాట్లాడతారు. టికెట్ ఇప్పుడే బుక్ చేసుకో, జాతర వారంలో హైదరాబాదు రైళ్ళలో బెర్తు దొరకదు.

ఆశీస్సులతో,
మీ అమ్మ