ఆ బిళ్ల రూపాయి కాదురా

పర్లాకిమిడి,
శనివారం రాత్రి

ఒరేయ్ ఫిక్సరూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, కానీ ఇది చదివాక తిట్టుకో. అమ్మ బాగుంది, మోకాళ్ల నొప్పులు మామూలే. ఇల్లు మారాము. మన ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్కతేల్చే డోసు బ్యాడ్జీలు, ఈ మూడు నెలలవి ఇంకా పంపనేలేదు. ఇక అసలు సంగతి.

మంగళవారం రాత్రి ఎక్స్‌రే గదిలో డ్యూటీ. తొమ్మిది దాటాక ఒక ముసలమ్మ మూడేళ్ల మనవణ్ణి చంకన వేసుకుని వచ్చింది. ఏడున్నరకు రూపాయి బిళ్ల మింగాడట. "నా కొంగుముడిలోదే బాబూ, నా చేతులు విరగ" అని ఒకటే ఏడుపు. వాడికి చొంగ కారుతోంది, నీళ్లు మాత్రం దిగుతున్నాయి. మెడలో రాగి తాయెత్తు. తీయనివ్వదు! వెనక్కి తిప్పినా ఎక్స్‌రేలో పడుతుందని చెప్పి చెప్పి, చివరికి ఆవిడ మణికట్టుకే కట్టాను. దానికి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు తలచుకుంటే ఇప్పటికీ...

సరే, తీశాను. కాలరు ఎముకల మధ్య తెల్లటి బిళ్ల, నిండు చందమామలా. అంటే అన్నవాహికలో ఉన్నట్టే, మన మొదటి ఏడాది పాఠం. డ్యూటీ డాక్టరుకు ఫోను చేస్తే, "నాణెమే కదా, పొద్దున చూద్దాం" అన్నాడు.

తెర ఆపేయబోతూ ఎందుకో అంచును పెద్దది చేసి చూశాను. అంచు లోపల ఇంకో అంచు! రూపాయికి రెండు అంచులెందుకుంటాయిరా? పిల్లవాణ్ణి పక్కకు తిప్పి మళ్లీ తీశాను. ఒక వైపు చిన్న మెట్టు. బిళ్ల బ్యాటరీ.

నా చేతులు చల్లబడ్డాయి. లోపలి రసం కారనక్కరలేదు, తడి కండకు ఆనితే చాలు, కరెంటు పారి మైనస్ వైపు క్షారం పుట్టి కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే పుండు పడవచ్చు. గడియారం చూశాను, తొమ్మిదీ ఇరవై.

"తీయడమే మన పని, చదవడం కాదు" అని మాస్టారు వందసార్లు చెప్పారు కదా, నువ్వు ఎడమ చేతికి కుడి గుర్తు పెట్టిన రోజు నూటొకటోసారి. నిజం చెప్పనా? ఒక నిమిషం ఆగిపోయాను. తప్పైతే నవ్వులపాలు. తర్వాత మెట్లు రెండేసి ఎక్కి వెళ్లి, "ఆజ్ఞా, మీ కళ్లతో ఒకసారి చూడండి" అన్నాను (ఆజ్ఞా అంటే ఇక్కడి ఒడియాలో అయ్యా అనడమే). వచ్చాడు, చూశాడు, ముఖం పాలిపోయింది. ఒక్క మాట వాదించలేదు, అది మెచ్చుకోవాలి. వెంటనే బరంపురానికి ఫోను, అంబులెన్సు. మాకు శ్రీకాకుళమే దగ్గర, కానీ మాది ఒడిశా ఆసుపత్రి కదా, కాగితాలు అటే నడుస్తాయి. దానిమీద ఇంకో ఉత్తరం రాస్తాను.

దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె పట్టమన్నాడు డాక్టరు. ఏడాది దాటిన పిల్లలకు, మింగిన పన్నెండు గంటల్లోపు ఇది పనికొస్తుందట, కాలడం కొంత తగ్గుతుంది. ముసలమ్మ నావైపు తిరిగి, "తేనెకు రూపాయి కరుగుతుందా బాబూ?" అంది. ఏం చెప్పను? సవర గిరిజనుల దగ్గర నీకోసం కొన్న కొండతేనె సీసా నా గదిలో ఉంది. ఇచ్చేశాను. నీ వాటా పోయింది, ఏడవకు.

నిన్న తల్లి ఫోను చేసింది. ఆ రాత్రే తీసేశారు. గొంతులో పుండు ఉంది, ఇంకా ట్యూబుతోనే పాలు. జాతరలో కొన్న లైటు బొమ్మలోదట ఆ బ్యాటరీ. ముసలమ్మ కొంగు విప్పి చూసుకుంటే రూపాయి ముడిలోనే ఉందట.

ఇంకా నీ పెళ్లిచూపుల సంగతి అడగాలనుకున్నాను, ఆ అమ్మాయి నిజంగానే నీ... ఉండు, స్ట్రెచర్ చప్పుడు. కాలు విరిగిన కేసులా ఉంది. వెళ్తున్నాను.

ఎక్స్‌రే ఫిల్ము కడిగే మందుల్లో నీ జోడీ,
డెవలపరు