రేడియేటర్ మార్చిన కారును ఒక రాత్రి మా దగ్గర ఎందుకు ఉంచమంటున్నాం

మా వర్క్‌షాపుకు వచ్చే వారందరికీ నమస్కారం. ఇకపై రేడియేటర్ మార్చిన కారును అదే సాయంత్రం అప్పగించం. మరుసటి ఉదయం, ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం మరోసారి చూసే తాళం ఇస్తాం. ఇది కొందరికి ఇబ్బందే. అయినా ఈ విషయంలో తొందరపడదలచుకోలేదు.

కొత్త రేడియేటర్ వేశాక కూడా టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు పాకితే చాలామంది ఆ కొత్త పార్టునే అనుమానిస్తారు. మేము ముందు అనుమానించేది గాలిని. పాత కూలెంట్ దింపినప్పుడు ఇంజిన్‌లోకి, హీటర్ గొట్టాల్లోకి గాలి చేరుతుంది. కొత్తది పోసినంత మాత్రాన అది బయటికి పోదు. వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటం, అంటే థర్మోస్టాట్, మూసి ఉన్నంతసేపూ అంతా నిండినట్టే కనిపిస్తుంది. కారును బట్టి సుమారు 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య అది తెరుచుకున్నాక మట్టం ఒక్కసారిగా దిగిపోవచ్చు. ఇంజిన్ కాగిపోతున్నా హీటర్ నుంచి చల్లగాలే వస్తోందంటే లోపల గాలి చిక్కుకుందనో, కూలెంట్ చాలలేదనో అర్థం. అందుకే హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి, గాలి తీసే స్క్రూ ఉన్న కార్లలో దాన్ని వదులు చేసి, ఫ్యాను తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడుపుతాం. తర్వాత చల్లారేకొద్దీ కూలెంట్ కుంచించుకుంటుంది. అసలు మట్టం తెలిసేది అప్పుడే. మేము అడిగే రాత్రి దాని కోసమే.

గాలి పోయాక కూడా కారు వేడెక్కితే, ఎప్పుడు వేడెక్కుతోందో గమనించి చెప్పండి. మాకు అంతకన్నా పనికొచ్చే సమాచారం లేదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడే అయితే ఫ్యాను, దానికి కరెంటు కలిపే రిలే, రేడియేటర్ కోసం ఊడదీసి మళ్లీ పెట్టిన కనెక్టర్ చూస్తాం. వేగంగా వెళ్తున్నప్పుడైతే థర్మోస్టాట్, వాటర్ పంపు, లోపలికి నొక్కుకుపోతున్న కింది హోస్ పైపు. రేడియేటర్ మూత కూడా చిన్న విషయం కాదు. అది పట్టి ఉంచే ఒత్తిడి వల్లే కూలెంట్ త్వరగా మరిగిపోకుండా ఉంటుంది. స్ప్రింగు బలహీనపడిన పాత మూతను కొత్త రేడియేటర్‌కు మేము బిగించం.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. పాత రేడియేటర్ కారుతున్న రోజుల్లో ఇంజిన్ బాగా కాగినా అలాగే నడిపి ఉంటే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) దెబ్బతిని ఉండవచ్చు. దాన్ని కొత్త రేడియేటర్ బాగు చేయలేదు. ఎంత గాలి తీసినా బుడగలు ఆగకపోతే, మండిన వాయువులు కూలెంట్‌లోకి వస్తున్నాయేమో పరీక్షిస్తాం. అందుకు వాడే నీలం ద్రవం రంగు మారితే మీ కళ్లముందే చూపిస్తాం. కాబట్టి కారు ఎంత కాగిందో, ఎంత దూరం అలా నడిచిందో మాకు ముందే చెప్పండి. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, అనవసరమైన ఖర్చు పెట్టించకూడదని అడుగుతున్నాం.

ఇంటికి వెళ్లాక మట్టం తగ్గినట్టు అనిపిస్తే వేడి ఇంజిన్ మీద మూత తీయవద్దు, చేతులూ ముఖమూ కాలిపోతాయి. చల్లారాక చూసి ఫోను చేయండి. రంగు కలిసిందని వేరే కూలెంట్ పోయకండి. మేము పోసిన రకం పేరు బిల్లు మీద రాసి ఉంటుంది.