క్లియరెన్స్ కంపెనీది, గేటు బయట నిలబడేది కార్మికుడు

సంపాదకుడు గారికి,

2025 మే 15న విమానాశ్రయాల భద్రత చూసే బీసీఏఎస్, టర్కీకి చెందిన సెలెబీ సంస్థ సెక్యూరిటీ క్లియరెన్స్‌ను, అంటే భద్రతాపరమైన అనుమతిని, రద్దు చేసింది. హైదరాబాద్‌తో సహా 9 విమానాశ్రయాల్లో గ్రౌండ్ హ్యాండ్లింగ్ (నేల మీద ఆగిన విమానాలకు చేసే పనులు), కార్గో పనులు చేసే ఆ సంస్థకు ఇక్కడ 10 వేల మందికి పైగా ఉద్యోగులున్నారని అప్పట్లో చదివాం. టర్కీ పాకిస్తాన్‌ను వెనకేసుకొచ్చిందన్న కోపంలో చాలామంది చప్పట్లు కొట్టారు. జులైలో ఢిల్లీ హైకోర్టు కూడా రద్దును సమర్థించింది. దాని మీద నాకు పేచీ లేదు. నేను అడిగేది ఆ 10 వేల మంది గురించి. వాళ్లు టర్కీవాళ్లు కారు, మనవాళ్లే.

విమానాశ్రయం లోపల పనిచేయాలంటే మెడలో పాస్ ఉండాలి. ఏ జోన్‌లోకి వెళ్లొచ్చో దాని మీదే రాసి ఉంటుంది. పోలీసులు ఆరా తీసి బాగుందంటేనే అది వస్తుంది. మా వీధి కుర్రాడు ఒకడు విమానాల్లోకి సామాన్లు ఎక్కించే పనిలో ఉన్నాడు. వాడి గురించి కానిస్టేబుల్ వచ్చి అడిగితే మంచివాడేనని నేనే చెప్పాను. తర్వాత కాంట్రాక్టు చేతులు మారింది. కుర్రాడు అదే, చేసే పనీ అదే. కంపెనీ పేరు మారింది కాబట్టి పాత పాస్ అప్పగించి, కొత్తది వచ్చేదాకా జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. బండి ఈఎంఐ మాత్రం ఆగలేదు.

సెలెబీ పెద్ద వార్త కాబట్టి, ఉద్యోగులను పాత షరతుల మీదే కొత్త సంస్థల్లోకి తీసుకుంటామని ఢిల్లీ విమానాశ్రయ యాజమాన్యం వెంటనే ప్రకటించింది. సంతోషం. చిన్న కాంట్రాక్టులు మారినప్పుడు ఈపాటి మాట ఎవరిస్తారు? కంపెనీకైతే కోర్టుకెళ్లే స్తోమత ఉంటుంది. కేంద్రం క్లియరెన్స్ నిరాకరించి ప్రసారాలు ఆపితే, మలయాళ చానల్ మీడియావన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2023 ఏప్రిల్‌లో గెలిచింది. లోడర్ ఏ కోర్టుకెళ్తాడు?

అమెరికాలో క్లియరెన్స్ (అక్కడ ప్రభుత్వ రహస్యాలు చూసే పనులకు మనిషికిచ్చే అనుమతి) ఉన్నవాళ్లంతా సర్కారు ఉద్యోగులని మనలో చాలామంది అనుకుంటారు. కాంట్రాక్టు కంపెనీల మనుషులూ బోలెడంతమంది. 2013లో అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ అప్పటికి ప్రైవేటు కంపెనీలోనే జీతం తీసుకుంటున్నాడు. అక్కడా ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోలేరు, పనిచ్చేవాళ్లే అడగాలి. పైగా పౌరసత్వం లేనివాళ్లకు దాదాపు దొరకదు. హెచ్1బీ మీదున్న మన పిల్లలు క్లియరెన్స్ అడిగే ఉద్యోగ ప్రకటనల జోలికే పోరు. కానీ ఒకసారి వచ్చాక అది మనిషి పేరు మీద ఉంటుంది. ఉద్యోగాల మధ్య విరామం రెండేళ్లు దాటకపోతే మామూలుగా మళ్లీ మొదటినుంచి విచారణ పెట్టరు.

ఆ పద్ధతి ఇక్కడ ఎందుకు కుదరదు? పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం వారే. పోలీసు విచారణ ఫలితాన్ని కార్మికుడి పేరు మీదే ఉంచి, గడువు తీరేదాకా ఏ కంపెనీలో చేరినా దాని ఆధారంగానే పాస్ ఇప్పించాలి. పాస్ కోసం ఆగిన రోజులకు జీతం ఎవరివ్వాలో కాంట్రాక్టులోనే రాయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్