సరిహద్దు ఆసుపత్రుల్లో దుభాషీలను నియమించాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లోని తెలుగువారు ఆసుపత్రికి వెళ్లినప్పుడు పడుతున్న ఒక ఇబ్బందిని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేదలచాను. వైద్యుడిది ఒడియా, రోగిది తెలుగు అయినప్పుడు, ఆ పూట పక్కన ఎవరుంటే వారే ఇద్దరికీ మాట అందిస్తున్నారు. చాలాసార్లు ఆ బరువు ఒడియా బడిలో చదివే పసిపిల్లల మీద పడుతోంది.

మా వీధిలో ఒక పెద్దావిడకు గర్భసంచి జారి నెలల తరబడి బాధపడింది. ఏడో తరగతి చదివే మనవరాలిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది గాని, ఆ పిల్ల ముందు నోరు విప్పలేక నడుం నొప్పి అని మాత్రం చెప్పింది. పిల్ల విన్నది విన్నట్టు ఒడియాలో చెప్పింది, డాక్టరు గారు నొప్పి మాత్రలు రాసి పంపారు. ఆ తర్వాత శ్రీకాకుళంలో తెలుగు వచ్చిన డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాక గాని అసలు సంగతి బయటికి రాలేదు. ఇందులో ఆ పిల్ల తప్పు లేదు, డాక్టరు గారి తప్పూ లేదు. ఒక ఆడమనిషి తన ఒంటి బాధను మనవరాలి నోటితో చెప్పించుకోవలసిన పరిస్థితి తీసుకురావడమే అన్యాయం.

ఫోన్లు ఉన్నాయి కదా అని కొందరంటారు. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లో, ఒడియా 2020లో వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి అనే అనువాద వేదికను ప్రారంభించింది. బోర్డు చదువుకోవడానికి, దారి అడగడానికి అవి ఎంతో మేలు చేస్తున్నాయి, నేనూ వాడుతున్నాను. అయితే ఓపీ గది రొదలో, మా కళింగాంధ్ర యాసలో, మధ్యమధ్య ఒడియా మాటలు కలిపి గొంతు తగ్గించి చెప్పుకునే ముసలమ్మ గోడును ఫోను పట్టుకుంటుందన్న నమ్మకం నాకు లేదు. ఆమె ఏదో దాస్తోందని గుర్తుపట్టి, పక్కకు తీసుకెళ్లి మెల్లగా అడగడం మనిషికే సాధ్యం. కొండల మీద నుంచి వచ్చే సవర గిరిజన తల్లుల కష్టం ఇంకా పెద్దది. రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలులో సవర భాషకు చోటే లేదు. వాళ్ల మాట ఒక్కోసారి ముందు తెలుగులోకి, అక్కడి నుంచి ఒడియాలోకి మారి డాక్టరు చెవిన పడుతుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇదే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు. అటువంటి ఊళ్లో నేటికీ ఈ పరిస్థితి ఉండడం బాధగా ఉంది.

రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కును రాజ్యాంగంలోని 350వ అధికరణం ఇచ్చింది. దానికి జవాబు ఏ భాషలో రావాలో మాత్రం అందులో లేదు. కాగితానికైనా అంతమాత్రం రక్షణ ఉంది, నోటిమాటకు మా దగ్గర అదీ కనిపించదు. దుభాషి కొలువు మనకు కొత్తేమీ కాదు. సుమారు రెండు వందల ఏళ్ల క్రితమే ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుభాషిగా పనిచేశారు. న్యాయస్థానానికి ఆనాడు తప్పనిసరి అనిపించిన ఉద్యోగం, ప్రాణాలతో వ్యవహరించే ఆసుపత్రికి ఈనాడు అక్కరలేదనడం సరికాదు.

తెలుగు, ఒడియా రెండూ ధారాళంగా వచ్చిన చదువుకున్న యువతీయువకులు మా ఊళ్లలో ఎందరో ఉన్నారు. సవర కూడా వచ్చినవారికి కొదవ లేదు. వారికి వైద్యపు మాటల్లో కొంత శిక్షణ, రోగి రహస్యం బయటపెట్టకూడదన్న కట్టుబాటు, నెలనెలా జీతం ఉంటే చాలు. ఇచ్ఛాపురం వైపు ఉన్న ఒడియా కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ఆసుపత్రుల్లోనూ ఇదే సదుపాయం కల్పించాలి. అన్ని చోట్లా ఒకేసారి కుదరకపోతే, ముందుగా జిల్లా కేంద్ర ఆసుపత్రుల్లో స్త్రీల ఓపీ దగ్గర ఉదయం పూటకైనా ఒక మహిళా దుభాషిని నియమించవలసిందిగా ఇరు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా