కాలనీ సంక్షేమ సంఘం, అనంతపురం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, వాచ్‌మన్ జీతం, వినాయక చవితి పందిరి ఏటా మాదిరే జరిగిపోయాయి. జమాఖర్చుల కాగితం దీంతో జత చేశాం, చూసుకోండి. ఈసారి మన పనంతా, మన గొడవలతో సహా, వాన నీళ్ల చుట్టూనే తిరిగింది. అందుకే మిగతా నివేదిక దాని గురించే.

2022 అక్టోబరులో ఊళ్లోంచి పారే నడిమివంక వాగు పొంగి కాలనీలకు కాలనీలే మునిగినప్పుడు అందరం వంకనే తిట్టుకున్నాం. వంకకు దూరంగా ఉన్న మన కింది వీధిలోకి మామూలు వానకే నీళ్లు ఎందుకొస్తున్నాయో మాత్రం ఎవరం అడగలేదు. ఇంటింటికీ వాన నీళ్లు ఇంకే గుంత తవ్వుకుందామని మే నెల మీటింగులో అంటే, పై వీధి పెద్దాయన ఒకరు "మా ఇంటి ముందర చుక్క నిలవదు, నేనెందుకు గుంత తవ్వాల సార్?" అన్నారు. వెనక వరసలోంచి కింది వీధి అక్క లేచి, "మీ మిద్దె నీళ్లే కదన్నా మా వంటింట్లోకి వచ్చేది" అంది. ఆ తర్వాత పెద్ద చర్చ అవసరం పడలేదు.

లెక్క ఇది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 50 మి.మీ. పడితే ఆ ఒక్క ఇంటి నుంచే దాదాపు 4,600 లీటర్లు దిగుతాయి. మన జిల్లాకు ఏడాది మొత్తంలో పడేదే సుమారు 550 మి.మీ. ఆ కాస్తా నేలలోకి దిగకుండా చేసుకున్నది మనమే. మట్టి కనబడితే బురద అని వాకిలంతా తాడిపత్రి బండలు పరిచాం, సందుల్లో సిమెంటు పూశాం, గేటు దాకా వాలు పెట్టాం. ఎండాకాలం వస్తే ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని నిలబడేదీ మనమే. ఇంకుడు గుంతలు ఉండాలని 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం చెప్తూనే ఉంది. ఇంటి ప్లానులో గీసిన గుంత ఎక్కడుందో చూపించమంటే కొందరు బైకు నిలిపే చోటు చూపించారు!

జూన్‌లో ఒక ఇంటి ముందు గేటు పక్కన బండలు లేపించి మొదలుపెట్టాం. పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు, అరడుగు లోతు పల్లం తీశాం. అడుగున గట్టిపడిన ఎర్రమట్టిని ఇంకో అడుగు మేర తవ్వి గుల్ల చేసి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపాం. మిద్దె పైపు నోరు అందులోకి తిప్పాం. ధార పడేచోట గుండ్రాళ్లు పేర్చాం, లేకపోతే మట్టి కోసుకుపోతుంది. పూలు బాగుంటాయని మధ్యలో మెట్టతామర, అంచున వట్టివేరు, గట్టు మీద గరిక పెట్టాం. మార్చికి మెట్టతామర మాడిపోయింది. వట్టివేరు మాత్రం నిండా నీళ్లున్నా, నెల తరబడి ఎండినా చెక్కుచెదరలేదు. ఇక ముందు అదే పెడతాం.

ఇందులో ఒకేసారి పట్టేది 700 లీటర్లే. "4,600 ఎక్కడ, 700 ఎక్కడ?" అని రిటైరైన లెక్కల మాస్టారు పట్టుకున్నారు. నిజమే, మొత్తం పట్టదు. కానీ నిండుతూనే ఇంకుతుంది, నిండాక మిగిలింది ఆలస్యంగా బయటికి వస్తుంది. అన్ని మిద్దెల నీళ్లూ ఒకే అరగంటలో కింది వీధి కాలువ మీద పడకుంటే మనకు అదే పదివేలు. పల్లం తీసే చోటు లేనివాళ్లు బండల సందుల్లో సిమెంటు గీకించి, ఇసుక నింపి, గరిక నాటుకున్నా కొంత ఇంకుతుంది.

తప్పులు కూడా రాయాలి. ఒక ఇంట్లో గోడకు నాలుగడుగుల్లోనే తవ్వాం, పునాది చెమ్మ ఎక్కింది. సంఘం ఖర్చుతోనే పూడ్పించాం. ఇకపై గోడకు పది అడుగుల దూరం ఉండాల్సిందే. అంత జాగా లేని చిన్న ఇళ్ల పైపులు పార్కులోని గుంతకు కలపాలని అనుకుంటున్నాం. ఇంకోచోట పక్కన పోసిన ఇసుక కుప్ప వానకు కొట్టుకొచ్చి పల్లం పూడిపోయింది. జూలైలో నాటిన వేప, కానుగ మొక్కలు సగం ఎండాయి. మన దగ్గర వాన నిలకడగా పడేది సెప్టెంబరులో అని తెలిసీ తొందరపడ్డాం.

దోమల టెన్షన్ చాలామందికి ఉంది. గుడ్డు దోమ కావడానికి వారం దాకా పడుతుంది. రెండు రోజుల్లో ఇంకని పల్లం ఉంటే మాకు చెప్పండి. తవ్వే ముందే అడుగు లోతు గుంతలో నీళ్లు పోసి, అవి ఇంకాక మళ్లీ నింపి చూడండి. గంటకు అర అంగుళం కూడా దిగకపోతే ఆ చోటు వదిలేయండి.

సెప్టెంబరులో ఒక రాత్రి గట్టి వానకు కింది వీధిలోకి నీళ్లు రానే వచ్చాయి, కానీ గడపలు దాటలేదు. అది మన పల్లాల వల్లేనని ఇప్పుడే చెప్పుకోవడం తొందరవుతుంది.

వట్టివేరు పిలకలు పార్కు మడిలో ఉన్నాయి. కావలసినవాళ్లు ఆదివారం పొద్దున వచ్చి తీసుకెళ్లండి. సంచి మీరే తెచ్చుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి