గొంతు పైపుతో ఇంటికి పంపే ముందు మాకు పని నేర్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమలో గౌతమి ఒడ్డునున్న ఒక లంక ఊరి నుంచి రాస్తున్నాను. మా నాన్న పక్షవాతంతో మంచాన పడ్డారు. తిండికి ముక్కులో రైల్స్ ట్యూబు, ఊపిరికి గొంతులో ట్రాకియాస్టమీ పైపు. తిండి దారిలోది ఊపిరి దారిలో పడితే ఎంత ప్రమాదమో డిశ్చార్జి రోజున మాకెవరూ చెప్పలేదు. గొంతు పైపులోంచి తెమడ లాగే సక్షన్ మిషను కొనుక్కోమన్నారు, కొన్నాం. స్విచ్ ఎక్కడుందో అమ్మినతను చూపించాడు. మా ట్రైనింగు అంతే.

ఇంటికొచ్చిన నాలుగో రోజు అమ్మ సిరంజితో రాగిజావ పోసింది. పావుగంట కాకుండానే గొంతులో గురగుర. తెమడ అడ్డం పడిందేమోనన్న టెన్షన్‌లో మిషను ఆన్ చేసి దాని గొట్టం గొంతు పైపులోకి లోపలికంటా తోసేశాను. నాన్న వెల్లకిలా పడుకుని ఉన్నారు. గట్టిగా దగ్గొచ్చింది, దగ్గుతోపాటే డోకు. గొట్టంలోకి ఆ రాగిజావే ఎక్కింది. అది చూశాక నా చెయ్యి ఆడలేదు. న్యుమోనియా, మళ్లీ ఆసుపత్రి, పన్నెండు రోజులు.

ఈసారి ఒక నర్సమ్మ, డ్యూటీ దిగి కూడా, పది నిమిషాలు నిలబడి చూపించింది. తెమడ తియ్యడం తిండికి ముందే. తిన్నాక అరగంట నుంచి గంట దాకా తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు ఉండాలి. మధ్యలో తియ్యక తప్పకపోతే ముందు పోసేది ఆపాలి. గొట్టం లోపలికి పోయేటప్పుడు లాగుడు ఉండకూడదు. వెనక్కి తీసేటప్పుడే గొట్టం మొదట్లో ఉండే రంధ్రాన్ని బొటనవేలితో మూయాలి, అప్పుడే లాగుతుంది. మిషను మీద లాగుడు చూపే మీటరు 80, 120 (mmHg) మధ్య ఉండాలి. ఒక్కోసారికి 10, 15 సెకన్లకు మించకూడదు. "నువ్వూ ఊపిరి బిగబట్టు. నీకు ఆడకపోతే ఆయనకీ ఆడనట్టే, తీసెయ్" అంది. నోట్లో పెట్టిన గొట్టం గొంతు పైపులో పెట్టొద్దంది. డోకొచ్చాక ముక్కు దగ్గర ట్యూబు మీది గుర్తు జరిగి ఉంటే, చూపించుకునేదాకా చుక్క కూడా పొయ్యొద్దంది. (మొదటి వారం నాన్న నన్ను కళ్లతోనే తిట్టారు. నోరు పెగిలితే ఇంకా తిట్టేవారు.)

అయ్యా, ఆ పది నిమిషాలు మొదటి డిశ్చార్జికి ముందే దొరికి ఉంటే ఆ పన్నెండు రోజులు ఉండేవి కావు. ఇంటివాళ్లు నర్సు ఎదుట కనీసం రెండుసార్లు తమ చేత్తో చేసి చూపించాకే ఇంటికి పంపేలా ఉత్తర్వు ఇవ్వండి. మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం గారు మంచి మనిషి, బీపీ, షుగరు చూస్తారు. గొంతు పైపు చూడగానే ఆవిడే రెండడుగులు వెనక్కి వేశారు. తప్పు ఆవిడది కాదు, ఆవిడకీ ఎవరూ నేర్పలేదు. మంచాన పడ్డ పక్షవాతం రోగులకు నెలనెలా 15,000 రూపాయల పింఛను ఇంటికే తెచ్చిస్తున్నారు. అంటే ఏ ఇంట్లో మంచం మీద మనిషి ఉన్నారో ప్రభుత్వం దగ్గర జాబితా ఉంది. అదే జాబితా పట్టుకుని, పని నేర్చిన నర్సు ఒకరు నెలకోసారి వస్తే చాలు.

ఇక కరెంటు. 2022 జులై వరదల్లో మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటికి నాన్న నడుస్తూనే ఉన్నారు, పశువుల్ని గట్టు మీదికి తోలింది ఆయనే. ఇప్పుడు మళ్లీ అలా వస్తే మిషను ఆగిపోతుంది. కాలితో తొక్కే సక్షన్ పంపులున్నాయి, కరెంటు అక్కర్లేదు. ప్రతి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో రెండేసి ఉంచి, వరద రోజుల్లో మాలాంటి ఇళ్లకు అరువిప్పించండి. ధవళేశ్వరం దగ్గర నీరు పెరిగినప్పుడు నెలలు నిండిన ఆడవాళ్లను ముందుగా పడవల్లో దాటిస్తారు. ఆ పడవలో గొంతు పైపు ఉన్నవాళ్లకూ చోటు ఇప్పించండి.

నర్సమ్మ చెప్పినవన్నీ ఒక అట్ట మీద రాసి నాన్న మంచం తలాపున కట్టాను. పక్క ఊరి వాళ్లు వచ్చి ఫోటో తీసుకెళ్లారు. ఆ ఫోటోనే ఈ లేఖతో పంపుతున్నాను. నేను డాక్టర్ని కాను, తప్పులుంటే మీ డాక్టర్ల చేత దిద్దించి అచ్చు వేయించండి. అక్షరాలు మాత్రం పెద్దవి పెట్టించండి, మా అమ్మకు చత్వారం.

ఇట్లు,
ఒక లంక రైతు