బాబాయిని అలా అన్నారురా!

ఒరేయ్ లాయరూ,

ఉత్తరం ఆలస్యమైంది, తిట్టుకోకు. అమ్మ షుగర్ అదుపులోకొచ్చింది, చంటిదాని అడ్మిషన్ అయిపోయింది, హైదరాబాదులో ఒకటే వానలు. మిగతావి ఫోన్లో చెప్తా. ఇది మాత్రం రాస్తే గానీ నా కడుపుమంట చల్లారదు.

ఆదివారం చిక్కడపల్లిలో బాబాయి వాళ్ళింట్లో వ్రతం. మోకాలి ఆపరేషన్ అయ్యాక పిన్ని ఇంకా వంగలేకపోతోంది. తీరా పూజకి కూర్చోబోతుంటే చీర కుచ్చిళ్ళు చెదిరాయి. బాబాయి పట్టుపంచెతోనే కింద చతికిలబడి, పిన్నీసు పళ్ళ మధ్య పట్టుకుని, ఒక్కో మడతా వేలితో నొక్కుతూ సర్దుతున్నాడు. హాలు నిండా జనం. ఒకాయన (ఎవరో నీకు తెలుసు, గోంగూర పెళ్ళి!) "పెళ్ళాం చాటు మొగుడు" అన్నాడు. పక్కింటాయన "జోరూ కా గులామ్" అని అందుకున్నాడు. పకపకా నవ్వులు. ఆడవాళ్ళు కూడానురా! పిన్ని మొహం చిన్నబోయింది. బాబాయి తలెత్తలేదు, ఇంకో మడత సరిచేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడి కాళ్ళొత్తితే పతివ్రత అని మొక్కుతాం. అదే సేవ మొగుడు చేస్తే మన దగ్గరున్నవన్నీ వెటకారాలే. భార్యావిధేయుడు, కొంగు పట్టుకు తిరిగేవాడు... తెలుగు ఎమ్మే చదివావుగా, ఒక్క మంచి మాట చెప్పు. ఏకపత్నీవ్రతుడు అనకు, అది పరాయి ఆడదాని వంక చూడనివాడి సంగతి. సత్యభామ తలమీద తన్నితే, తన పులకలు ముళ్ళలా గుచ్చుకుని ఆవిడ పాదం నొచ్చిందేమోనని కృష్ణుడు కంగారుపడ్డట్టు నంది తిమ్మన రాశాడు. దానికి దాదాపు 500 ఏళ్ళుగా మురిసిపోతున్నాం కదా! మరి బాబాయి ఏం పాపం చేశాడు?

నేను నోరు తెరిచేలోపే పిన్ని అందుకుంది. ఆవిడ చదివింది కోఠీ ఉమెన్స్ కాలేజీలో కదా, ఆ మేడ కట్టించిన కిర్క్‌పాట్రిక్ కథ ఎత్తుకుంది. 1798 నుంచి 1805 దాకా ఇక్కడ బ్రిటిష్ రెసిడెంట్, అంటే నిజాం దగ్గర కంపెనీవాళ్ళ రాయబారి. ఖైరున్నీసాని పెళ్ళాడినందుకు పైవాళ్ళు విచారణ పెట్టినా ఆవిడని వదల్లేదు. పరదాలో ఉండే ఆవిడ మేడ ముందుభాగం చూడలేదని, అచ్చం అలాంటిదే చిన్న బొమ్మమేడ జనానా తోటలో కట్టించాడని చెప్పుకుంటారు.

"ఆ దొర పెళ్ళాం కోసం బొమ్మమేడ కట్టించాడంటే ఎంత ప్రేమో అంటారు. మా ఆయన కుచ్చిళ్ళు సర్దితే నవ్వొస్తోందా?" అని గట్టిగానే అడిగింది. ఒక్కడు మాట్లాడితే ఒట్టు!

అసలు సంగతి ఆ తర్వాతుంది. గోంగూరాయన భార్య లేచి... అయ్యో, కింద క్యాబ్ వాడు హారన్ మోగిస్తున్నాడు. రాత్రికి ఫోన్ చెయ్యి.

నీ
బుడ్డోడు